అమెరికా 0.7 గొడవ, మన బోరు 2.4: పేస్టు మానాలా, నీళ్లు మార్చాలా?

#1 పాకాల పొద్దు

ఫ్లోరైడ్‌తో పిల్లల తెలివి తగ్గుతుందని అమెరికావాళ్లు తేల్చేశారంట, వాట్సాప్‌లో ఒకటే ఫార్వర్డులు. కిందనే తోక: "పేస్టు పారేసి వేపపుల్ల పట్టండి". దీంట్లో నిజమెంత?

అడగడానికి కారణం ఈ బోరు రిపోర్టు. లోతు 850 అడుగులు. ఫ్లోరైడ్ 2.4, పీహెచ్ 8.1, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 920, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 380, మొత్తం కాఠిన్యం 140, కాల్షియం 28. పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఇంట్లో ఏడాదిన్నర పాప, ఐదేళ్ల బాబు, 60 దాటినవాళ్లు ఇద్దరు. తాగడానికీ వంటకీ ఇవే నీళ్లు. ముందు ఏం చెయ్యాల? పేస్టు సంగతేంది?

#2 పండ్లడాక్టరు

ఫార్వర్డులో సగం నిజముంది, ఆ సగం మీ బోరుకే తగుల్తుంది. 2024 ఆగస్టులో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ నివేదిక వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా కనిపిస్తోందని, ఈ మాటమీద తమకు 'మధ్యస్థ' నమ్మకం ఉందని రాశారు. అమెరికాలో పుచ్చిపళ్లు రాకుండా కుళాయి నీళ్లలో కలిపేది 0.7. ఆ మోతాదుతో ఐక్యూ తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా అందులోనే ఉంది. ఫార్వర్డు చేసినవాళ్లు ఆ వాక్యం ఎగరగొట్టేశారు.

2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో 74 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. అందులో 52 అధ్యయనాల్లో పొరపాటుకు ఆస్కారం ఎక్కువని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. అమెరికా పిల్లల మీద చేసింది ఒక్కటీ లేదు. చాలావరకు చైనాలాంటి చోట్ల, భూమిలోంచే ఫ్లోరైడ్ వచ్చే ఊళ్లవి. నీళ్లలో 1.5 లోపు మాత్రమే తీసుకుని చూస్తే సంబంధం తేలలేదు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడం మానేశాయి. అది వాళ్ల రాజకీయం. మనకెవరూ కలపడం లేదు, రాయే కలుపుతోంది.

ఇప్పుడు పేస్టు లెక్క. వెయ్యి పీపీఎం (గ్రాముకు ఒక మి.గ్రా. ఫ్లోరైడ్) పేస్టు బియ్యపుగింజంత అంటే సుమారు 0.1 గ్రాము, దాంట్లో ఫ్లోరైడ్ 0.1 మి.గ్రా. బఠాణీగింజంత అయితే 0.25 మి.గ్రా. మొత్తం మింగేసినా అంతే. మీ బోరు నీళ్లు ఒక్క 200 మి.లీ. గ్లాసులో 0.48 మి.గ్రా. ఉంది. పేస్టు మాని ఆ నీళ్లే తాపితే చేసిందేమీ లేదు. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత, పెద్దవాళ్లు పక్కన నిలబడి ఉమ్మించాలి. బ్రష్షు పొడుగునా పాములా పిండేది ప్రకటనల్లోనే.

#3 బోరులోతు

రిపోర్టులో ఫ్లోరైడ్ అంకె కన్నా ముందు కాల్షియం 28 చూడండి, కథంతా అక్కడే ఉంది.

మన కింద ఉండేది గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలో ఫ్లోరైడ్ ఉండే ఖనిజాలు: బయోటైట్, ఆపటైట్, అక్కడక్కడ ఫ్లోరైట్. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలవుండేకొద్దీ ఫ్లోరైడ్ కరుగుతుంది. దాన్ని అడ్డుకునేది కాల్షియం. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకడితే ఫ్లోరైడ్‌కు ఒక పైకప్పు పడుతుంది. లీటరుకు 100 మి.గ్రా. కాల్షియం ఉంటే ఆ కప్పు సుమారు 2 దగ్గర. కాల్షియం 20కి పడిపోతే కప్పు 5 దాకా లేస్తుంది. లోతు బోర్లలో సోడియం, బైకార్బనేట్ పెరిగి కాల్షియం తగ్గిపోతుంది, ఇక ఫ్లోరైడ్‌కు అడ్డులేదు.

అందుకే మనోళ్లు "నీళ్లు తియ్యగా ఉండాయి, సబ్బు బాగా నురగొస్తాంది" అని మురిసిపోయే బోర్లనే అనుమానించాలి. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, టీడీఎస్ మీటర్‌లో కనబడదు. 300 టీడీఎస్ నీళ్లలో 3 ఫ్లోరైడ్ ఉండొచ్చు, 1500 టీడీఎస్ నీళ్లలో 0.6 ఉండొచ్చు.

ఇంకోటి. ఒక్క రిపోర్టుతో బోరుకు ముద్ర వెయ్యొద్దు. మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనం వానలు అయ్యాక డిసెంబరులో ఒకసారి చూడాలి. 850 అడుగుల బోరులో తేడా పెద్దగా ఉండకపోవచ్చు. పైపొరల నీళ్లు కేసింగ్ పక్కనుంచి దిగే బోరైతే బాగా మారుతుంది.

#4 పాకాల పొద్దు

రిపోర్టులో 'అనుమతించదగినది 1.5' అని, పక్కన '1.0' అని రెండు అంకెలు ఉన్నాయి. ఏది పట్టుకోవాల? పాత రోజుల్లో ఇదేమీ లేదు కదా అని ఇంట్లో పెద్దాయన వాదన.

#5 మోకాలిచిప్ప

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 1.0 ఆమోదయోగ్యం. వేరే నీటివనరు దొరక్కపోతే 1.5 దాకా. డబ్ల్యూహెచ్‌ఓ అంకె కూడా 1.5, అయితే వేడి ప్రాంతాల్లో జనం తాగే నీళ్లను బట్టి తగ్గించుకోమని అదే చెబుతుంది. ఎండాకాలం మన పొలాల్లో పనిచేసే మనిషి నాలుగు లీటర్లు తాగుతాడు. 4 లీటర్లు × 2.4 అంటే రోజుకు 9.6 మి.గ్రా., వంట, టీ కాకుండానే. మొత్తం తీసుకునేది రోజుకు 6 దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనే సూచనలున్నాయి, 14 దగ్గర ముప్పు స్పష్టమని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. మీ ఇంటి పెద్దవాళ్లు ఆ రెండింటి మధ్య ఉన్నారు.

'పాత రోజుల్లో లేదు' అనేది తప్పు. మన దేశంలో దీన్ని మొదట పట్టుకుంది మన పక్కనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ పేరుకుని ఎముకలు, కీళ్లు బిగుసుకునే జబ్బు) నమోదు చేశారు. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి ఐదు జిల్లాల్లో నెల్లూరు ఉంది. అప్పుడు బావి నీళ్లు, ఇప్పుడు 850 అడుగుల నీళ్లు, తేడా అదే.

పెద్దవాళ్ల చేత మూడు చేయించి చూడండి. గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం, మోకాళ్లు వంచకుండా నేలమీది బిళ్ల తీయడం. ఏదైనా పట్టేస్తుంటే అది ఫ్లోరోసిసే అని కాదు. అరుగుడు కీళ్లనొప్పులు, మెడ స్పాండిలోసిస్ కూడా ఇలాగే ఉంటాయి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి గరుకుగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా చూపించండి. పెద్దవాళ్లలో ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో పోతుంది, కిడ్నీ మందగిస్తే ఆ సగంలోనూ కొంత ఎముకల్లోకే. షుగరు, బీపీతో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లున్న ఇంట్లో 1.5 అంకెను నమ్ముకోవద్దు, 1 లోపే ఉంచండి.

#6 పండ్లడాక్టరు

పిల్లల విషయం ఇంకా తొందర. శాశ్వత ముందరి పళ్ల ఎనామిల్‌కు అసలు ముప్పు వయసు సుమారు 15 నుంచి 30 నెలలు. ఏడాదిన్నర పాప సరిగ్గా ఆ కిటికీలోనే ఉంది. ఎనిమిదేళ్లు దాటాక నీళ్లు మార్చితే ఎముకకు మేలు, పంటి మరకకు కాదు. మరక లోపలినుంచి వస్తుంది, తోమితే పోదు. గారతో, గుట్కా మరకతో పొరబడొద్దు. ఫ్లోరోసిస్ అయితే ఎడమ పన్నుకూ కుడి పన్నుకూ ఒకేలా అడ్డగీతలు, సున్నపు మచ్చలు, తర్వాత గోధుమరంగు. ఒక్క పన్ను మీదే ఉంటే వేరే కారణం వెతకాలి.

ఆర్డరు చెప్పమన్నారు కదా: ముందు పాపకు తాపే నీళ్లు, పాలపొడి కలిపే నీళ్లు. ఈరోజే.

#7 జార్‌టెస్ట్

ఇంట్లోనే తగ్గించుకోవాలంటే నల్లగొండ పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు, అంతే. మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టే కాదు, ఆల్కలినిటీని బట్టి కూడా మారుతుంది. చాలామంది బోర్లాపడేది ఇక్కడే. నీరి పట్టికలో ఆల్కలినిటీ 400 దగ్గర ఫ్లోరైడ్ 2 ఉంటే 310, 3 ఉంటే 405 మి.గ్రా. పటిక. మీ 2.4కు మధ్యలో లీటరుకు 350 వస్తుంది. 20 లీటర్లకు 7 గ్రాములు.

అడుగునుంచి మూడు వేళ్ల ఎత్తున కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. ముందు సున్నం: పటికలో ఇరవయ్యో వంతు, అంటే 0.35 గ్రాము. దాంతోపాటు చిటికెడు బ్లీచింగ్. తర్వాత పటికను గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగించి పోయాలి, గడ్డలు వేయొద్దు. ఒక నిమిషం గట్టిగా, ఆ తర్వాత పది నిమిషాలు మెల్లిగా, పిండి కలియబెట్టినట్టు. దూదిపింజల్లాంటి రేకులు కనిపిస్తాయి. కవ్వంతో చిలికితే ఆ పింజలు విరిగిపోతాయి, మళ్లీ కలవవు, నీళ్లు మబ్బుగా ఉండిపోతాయి. గంట కదల్చకుండా ఉంచి కుళాయిలోంచి పట్టుకుని గుడ్డలో వడకట్టండి. మడ్డి మీద నీళ్లు రాత్రంతా ఉంచితే పట్టిన ఫ్లోరైడ్ కొంత తిరిగి దిగుతుంది. ఆ మడ్డి పశువుల తొట్టి దగ్గర పారబోయొద్దు.

మొదటిరోజే 7 గ్రాములని ఖాయం చేసుకోకండి. లీటరు సీసాలు మూడింటిలో 250, 350, 450 మి.గ్రా. మోతాదులు వేసి, తేరిన నీళ్లు ల్యాబుకు పంపండి.

#8 టైట్రేషన్

@జార్‌టెస్ట్ సార్, ఒక్క సవరణ. నీరి పట్టిక ఫిల్టర్ ఆలమ్‌ది, అంటే అల్యూమినియం సల్ఫేట్. మన కిరాణా కొట్లో, మంగలి షాపులో దొరికే తెల్లటి పటికగడ్డ పొటాష్ ఆలమ్. అల్యూమినియం మొదటిదాంట్లో సుమారు 8.6 శాతం, రెండోదాంట్లో 5.7. పటికగడ్డ వాడితే ఒకటిన్నర రెట్లు, 7 కాదు 10.5 గ్రాములు. "నల్లగొండ పద్ధతి పనిచెయ్యలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే. తూకానికి చెంచా కాదు, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు కావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. పటిక వేసిన నీళ్లను రంగు కిట్‌తో చూడొద్దు. కిట్లలోనూ ల్యాబుల్లో వాడే స్పాండ్స్ పద్ధతిలోనూ జిర్కోనియం రంగును ఫ్లోరైడ్ వెలిసేలా చేస్తుంది, ఆ వెలిసిన మేరను కొలుస్తాం. నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను తనకే కట్టేసుకుంటుంది, రంగు వెలవదు, అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అల్యూమినియం 0.1 మి.గ్రా. ఉన్నా తప్పు వస్తుంది. అంటే శుద్ధి బాగా జరగని నీళ్లే బాగా జరిగినట్టు కనబడతాయి! ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో, టిసాబ్ ద్రావణం కలిపి చూడమని ల్యాబులో అడగండి. అది అల్యూమినియం పట్టు విడిపించి పీహెచ్‌ను 5-5.5 దగ్గర నిలబెడుతుంది. బ్లీచింగ్ క్లోరిన్ కూడా స్పాండ్స్ రంగును తినేస్తుంది, అప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

#9 జార్‌టెస్ట్

@టైట్రేషన్ ఒప్పుకుంటున్నా, పటిక రకం నేనే రాయాల్సింది. ఇంకా చెప్పనిది: 350 ఫిల్టర్ ఆలమ్‌తో నీళ్లలో సల్ఫేట్ మరో 160 పెరుగుతుంది. ముందే సల్ఫేట్ ఉన్న బోరైతే హద్దు 200 దాటిపోతుంది. ఆల్కలినిటీ 175 దాకా తగ్గుతుంది, మీకు 380 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆల్కలినిటీ 150 ఉన్న నీళ్లకు ఇదే మోతాదు వేస్తే నీళ్లు ఆమ్లంగా మారతాయి, అల్యూమినియం కరిగి పైకొస్తుంది. తాగే నీళ్లలో అల్యూమినియం 0.03 లోపు ఉండాలి, తప్పనిసరైతే 0.2. ఫ్లోరైడ్ 4-5 ఉన్న బోర్లకు నేనీ పద్ధతి చెప్పను. అంత పటికకు మడ్డే సగం బకెట్ అవుతుంది.

#10 మెంబ్రేన్ మామ

రోజూ 7 గ్రాములు తూచి పది నిమిషాలు కలిపే ఓపిక ఎన్నాళ్లుంటుంది అబ్బా? నెల తర్వాత బకెట్ మూలకు పోతుంది. ఆర్వో పెట్టుకోండి. 2.4లో 90 శాతం పైనే పోయి 0.2 దగ్గరికి వస్తుంది.

కానీ మూడు చోట్ల కళ్లు తెరిచి ఉండాల. ఒకటి, 'ప్యూరిఫయర్' అని అమ్మే యూవీ, యూఎఫ్ మిషన్లు ఫ్లోరైడ్‌ను ముట్టుకోవు. రాగిచెంబు, మట్టికుండ కూడా అంతే. కాచితే ఇంకా చిక్కబడుతుంది: పది లీటర్లు కాచి ఎనిమిదికి దించితే 2.4 కాస్తా 3.0. రెండు, టీడీఎస్ స్క్రూ. రుచికోసం పచ్చినీళ్లు కొంత కలిపే ఏర్పాటు అది. 60 టీడీఎస్ నీళ్లను 250కి తేవాలంటే మీ 920 నీళ్లు 22 శాతం కలుస్తాయి, ఫ్లోరైడ్ 0.68 అవుతుంది, పరవాలేదు. అదే బోరులో ఫ్లోరైడ్ 5 ఉంటే 1.4కి పోతుంది. 20 లీటర్ల క్యాన్ ప్లాంటులోనూ ఇదే మెలిక, కాబట్టి ప్లాంటువాడిని టీడీఎస్ అంకె కాదు, ఫ్లోరైడ్ అంకె అడగండి. మూడు, వదిలేసే నీళ్లు. నాలుగోవంతు మంచినీళ్లు వచ్చే మిషన్‌లో వదిలేసే నీళ్లకు ఫ్లోరైడ్ 3.1 దాకా చేరుతుంది. గిన్నెలు, నేల, బాత్రూము సరే. ఆవులకు మాత్రం వద్దు, పశువులకు 2 దాటకూడదు.

#11 సంగటిముద్ద

అందరూ తాగే గ్లాసు దగ్గరే ఆగిపోయారు. రాగిసంగటికి ఒక గ్లాసు పిండికి రెండున్నర, మూడు గ్లాసుల నీళ్లు పడతాయి, అవన్నీ ముద్దలోనే ఉండిపోతాయి. పప్పు, రసం, ఊరబిండికి వేసేవీ అంతే. ఆర్వో నీళ్లు తాగుతూ బోరు నీళ్లతో వండుకుంటే సగం తలుపే మూసినట్టు. నలుగురికి తాగడానికీ వంటకీ కలిపి రోజుకు 20 లీటర్లు లెక్కేసుకోండి. స్నానానికీ బట్టలకూ బోరు నీళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు, చర్మంలోంచి ఎక్కదు.

తిండి మాటకొస్తే, హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పరిశోధకులు 1973లో లాన్సెట్‌లో మోకాళ్లు లోపలికి వంగిన జెనూ వాల్గమ్‌ను ఫ్లోరోసిస్‌తో ముడిపెట్టి చూపించారు. కాల్షియం తక్కువ తినే పిల్లల్లో ఫ్లోరైడ్ ఎముకను ఎక్కువ దెబ్బతీస్తుంది. పరగడుపున తాగిన ఫ్లోరైడ్ దాదాపు మొత్తం ఒంటికెక్కుతుంది, పాలు పెరుగుతో కలిస్తే తగ్గుతుంది. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా. కాల్షియం. మన సంగటి వదలొద్దు, దానిలో నీళ్లు మార్చండి.

#12 పాకాల పొద్దు

చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుందని ఇంకో ఫార్వర్డు. పులుసు రోజూ చేస్తామే!

#13 సంగటిముద్ద

అది ఉత్త పుకారు కాదు. ఎన్‌ఐఎన్ వాళ్లే 2002లో ప్రచురించారు. బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెడితే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మి.గ్రా.కు పెరిగింది. బాగుంది, కానీ అదనంగా పోయింది 1.3. పైన మోకాలిచిప్ప సార్ లెక్కలో లోపలికి వచ్చేది 9.6. పులుసు తినండి, నీళ్లు మార్చండి.

#14 బోరులోతు

వాననీళ్లు ఎవరూ ఎత్తలేదు, అందుకే చెబుతున్నా. ఫ్లోరైడ్ దాదాపు సున్నా. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 100 మి.మీ. వాన పడితే, ఐదోవంతు పోయిందనుకున్నా 7,400 లీటర్లు. రోజుకు 20 లీటర్ల చొప్పున ఏడాదికి సరిపోతుంది. మొదటి వాన పదిహేను నిమిషాలు బయటికి వదిలేసి, తర్వాతి నీళ్లను వెలుతురు దూరని తొట్టికి మళ్లించాలి. తొట్టి ఖర్చే అసలు ఇబ్బంది.

#15 టైట్రేషన్

ఫ్లోరైడ్‌ను పట్టే కొత్త పదార్థాల మీద వచ్చే పరిశోధన పేపర్ల గురించి ఒక మాట, ఎందుకంటే వాటిని చూపించి ఫిల్టర్లు అమ్మేవాళ్లు బయల్దేరారు. 'గ్రాముకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ పడుతుంది' అని సారాంశంలో ఉంటే మూడు చూడండి. ఏ పీహెచ్ దగ్గర కొలిచారు, ఎంత ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టారు, నీళ్లు డిస్టిల్డ్‌వా బోరువా. పీహెచ్ 4-5, ఫ్లోరైడ్ 50, డిస్టిల్డ్ నీళ్లు అని ఉంటే మీ 8.1 పీహెచ్, 380 ఆల్కలినిటీ నీళ్లలో దాంట్లో చిన్న ముక్కే మిగుల్తుంది. పాతదైన యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు)దీ ఇదే కష్టం. దానికి పీహెచ్ 5.5-6.5 అనుకూలం. 8 దగ్గర హైడ్రాక్సైడ్, బైకార్బనేట్ పోటీకొచ్చి చోటు లాక్కుంటాయి. గ్రాముకు ఒక మి.గ్రా. పట్టిందనుకుంటే 3 కిలోల ఫిల్టర్ మీ నీళ్లకు సుమారు 1,500 లీటర్లు, అంటే రెండున్నర నెలలు. తర్వాత కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో తటస్థం చేసి మళ్లీ నింపాలి. అది ఇంట్లో చేసే పని కాదు. నిండిపోయిన ఫిల్టర్ నీళ్లు చూడ్డానికి మొదటిరోజులాగే ఉంటాయి.

#16 పాకాల పొద్దు

సరే, ఆర్వో పెట్టి టీడీఎస్ స్క్రూ కట్టేస్తాం, వంటకీ అవే నీళ్లు. పాపకు ఈ సాయంత్రం నుంచే క్యాన్, వాళ్ల ఫ్లోరైడ్ అంకె అడిగి. మళ్లీ శాంపిలు ఎలా పట్టాల? బోరుదీ ఆర్వోదీ రెండూ పంపాలా?

#17 టైట్రేషన్

రెండూ పంపండి, వీలైతే వదిలేసే నీళ్లు కూడా. మూడూ ఉంటే లెక్క సరిపోతుందో లేదో చూడొచ్చు. అర లీటరు ప్లాస్టిక్ సీసాలు, గాజు వద్దు. అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, బోరు ఐదు నిమిషాలు ఆడాక నిండుగా పట్టండి. సీసా మీద చోటు, తేదీ, 'పచ్చి', 'ఆర్వో', 'వదిలినవి' అని రాయండి. ఆమ్లం వేయొద్దు. మీ డివిజన్‌లో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రోడ్ పద్ధతి కావాలని కాగితం మీదే రాసివ్వండి.